పన్నెండు సంతకాలు

లిఫ్టు మెకానిక్ మహా ముందుచూపున్న మనిషి. లోకంలో ఎవరైనా పని చేశాక సంతకం పెడతారు. ఇతను పదకొండు నెలల ముందే పెట్టేవాడు.

ప్రతి లిఫ్టులోనూ అద్దం పక్కన ఒక కార్డు వేలాడుతుంటుంది. నెలకోసారి మెకానిక్ వచ్చి, అన్నిటికంటే పైనున్న మెషిన్ రూమ్ తెరిచి, అంతస్తుకో తలుపు చొప్పున పరీక్షించి, ఆ నెల గడిలో సంతకం చేయాలి. ఊళ్ళో మిగతా భవనాల్లో అతను ఆ పని ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేసేవాడు. తానుండే భవనం దగ్గరికొచ్చేసరికి మాత్రం, రోజూ ఎక్కి దిగే లిఫ్టే కదా, ఇంకా చూసేదేముంది అనుకున్నాడు. ఏటా జనవరి ఒకటిన కార్డు ఇంటికి తెచ్చుకుని, టీ తాగుతూ, పన్నెండు గళ్ళూ ఒక్క ఊపులో నింపేసేవాడు. రాబోయే రోజుల మీద అంత నమ్మకం జాతకాలు చెప్పేవాళ్ళకు కూడా ఉండదు.

నవంబరు రెండో వారంలో తలుపు మూసుకుందని లిఫ్టుకు తెలిపే బొటనవేలంత కాంటాక్టు ఒకటి పూర్తిగా అరిగిపోయింది. కార్డు ప్రకారం ఆ నెల తనిఖీ అయిపోయింది. లిఫ్టుకు చదువు రాదు కాబట్టి ఆగిపోయింది.

నాలుగో అంతస్తులో అతనూ, అమ్మా, అక్కా ఉండేవాళ్ళు. అక్కకు నలభై నాలుగేళ్ళు. ఆటిజం అన్న మాట ఆమెకు ముప్ఫై నిండాక ఒక డాక్టరు నోటి నుంచి ఆ ఇంట్లోకి వచ్చింది. అంతకుముందు బంధువులు తమ దగ్గరున్న మాటలతోనే సర్దుకున్నారు. వాళ్ళ దగ్గర మాటలకు లోటెప్పుడు గనక? అక్క లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాలను వాటి వాటి చోట్ల పెట్టే పని చేస్తుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క పుస్తకం తప్పు అరలోకి వెళ్ళలేదు. ఎనిమిది ఇరవైకి గడప దాటాలి, ఎనిమిదిన్నరకు బస్సెక్కాలి, చేతిలో గొడుగుండాలి. ఎండైనా వానైనా ఉండాల్సిందే. భవనంలో వాళ్ళు ఆమెకు గడియారం అని పేరు పెట్టి, తమ తెలివికి తామే మురిసిపోయారు.

ఆ రోజు అమ్మ అక్కను బస్సెక్కించడానికి మెట్లు దిగి వచ్చింది. కింద గేటు దగ్గర అక్క ఆగిపోయింది. గొడుగు లేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు, అయినా కదలనంటే కదలనంది. గుండె మందులు వాడుతున్న అమ్మ గొడుగు కోసం మళ్ళీ మెట్లెక్కింది. మూడో అంతస్తు దాటింది గానీ, నాలుగోది చేరలేదు.

ఆ సాయంత్రమే మెకానిక్ కాంటాక్టు మార్చాడు. పది నిమిషాల పని. చేతులు కడుక్కోవడంతో కలిపి పన్నెండు.

ఇక బంధువులు రంగంలోకి దిగారు. ఏడుపుకి ఒక పూట చాలింది, విచారణకే మూడు వారాలు పట్టింది. పిన్ని ఫోనులో అందరికీ చెప్పిన తీర్పు ఒకటే. "ముష్టి గొడుగు కోసం మా అక్కని మెట్లెక్కించి చంపింది." లిఫ్టు ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. లిఫ్టులన్నాక ఆగుతాయి. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి సోఫా చివర కూర్చుని, పలకరిస్తే నీళ్ళు నమిలి, పలకరించకపోతే గోడ కేసి చూసి, మొత్తానికి తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉన్నాడు. నింద మోయడానికి అక్క ఉంది. ఆమె ఎదురు చెప్పదు, ఏడవదు, అసలు తననే అంటున్నారని తెలుసో లేదో. ఇంతకంటే వీలైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

నెలాఖరు ఆదివారం ఉదయం మామయ్య ఎనిమిది పేజీల దరఖాస్తుతో దిగాడు. అక్కలాంటి వాళ్ళను ఉంచుకునే హోము ఒకటి ఊరి బయట ఉందట. లైబ్రరీ ఉద్యోగం మానెయ్యాలి, నెలకోసారి వెళ్ళి చూడొచ్చు.

"నీ మంచికేరా," అన్నాడు మామయ్య, పెన్ను మూత తీసిచ్చి. "ఇవాళ అమ్మ. రేపు నిన్నెక్కిస్తుంది మెట్లు. ఇదిగో, ఇక్కడ పెట్టు సంతకం. మిగతాదంతా నేను చూసుకుంటా."

"పెట్టు నాయనా," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "దానికి మాత్రం ఏం తెలుస్తుంది, ఇక్కడున్నా ఒకటే, అక్కడున్నా ఒకటే."

సంతకం దగ్గర మెకానిక్ చెయ్యి ఎప్పుడూ వెనకాడదు. ఆఖరి పేజీ తిప్పి, సగం పేరు రాసేశాడు.

"చదివావా?" అంది అక్క. గొడుగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"చదివానక్కా."

"ఎనిమిది పేజీలు. నువ్వు తిప్పింది ఒకటి." ఆమె గొంతులో కోపం లేదు, పుస్తకం నంబరు చెబుతున్నట్టే ఉంది. "లిఫ్టు కార్డుకీ అంతే. జనవరి ఒకటి, ఉదయం తొమ్మిదిన్నర, ఇదే టేబుల్. పన్నెండు పెట్టావు. డిసెంబరు మీద టీ చుక్క పడింది. మెషిన్ రూమ్‌కి నువ్వు ఈ ఏడాది వెళ్ళలేదు."

మెకానిక్ పెన్ను సగం పేరు దగ్గరే ఆగింది.

"మొదలెట్టింది మళ్ళీ లెక్కలు," అని మామయ్య విసుక్కున్నాడు. "దాని గోలకేం గానీ, నువ్వు కానివ్వరా."

ఎవరికీ అర్థం కాలేదు. అదృష్టం అంటే అదే. ఇంకో నాలుగక్షరాలు రాస్తే అతని రహస్యం ఊరి బయటికి వెళ్ళిపోతుంది, గొడుగుతో సహా. నెలకోసారి వెళ్ళి చూసి రావచ్చు. ఆ చూడటం కూడా అతను ఎలా చూస్తాడో అతనికి తెలుసు.

పెన్ను కింద పెట్టాడు.

"మామయ్యా, అమ్మ పోయింది అక్క వల్ల కాదు. నా వల్ల. లిఫ్టు చూడకుండానే చూశానని సంతకం పెట్టాను. ఒక్కసారి తలుపు తీసి చూసుంటే తెలిసేది. ఆ కాంటాక్టు అరగడానికి నెలలు పడుతుంది."

 అతను దెబ్బలకైనా సిద్ధపడ్డాడు. పడింది మాత్రం క్షమాభిక్ష.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మామయ్య, ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. "నా సర్వీసంతా చూడకుండానే పెట్టాను సంతకాలు. ఎవరైనా చచ్చారా?"

అన్నాక, గోడమీది అమ్మ ఫోటో వైపు చూసి, కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వేం కావాలని చేశావా నాయనా," అంది పిన్ని. "మీ అమ్మ రాత అంతవరకే ఉంది."

మూడు వారాలు వెతికినా అక్క కోసం దొరకని రాత, తమ్ముడి కోసం అర నిమిషంలో దొరికేసింది. అప్పుడు వచ్చింది మెకానిక్‌కు ఏడుపు, మూడు వారాలు ఆలస్యంగా.

"నీ తప్పే," అంది అక్క. ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. విచిత్రంగా అతనికి ఊపిరాడినట్టయింది. "లిఫ్టు నువ్వు చూడలేదు. గొడుగు నేను మర్చిపోయాను. రెండూ అయ్యాయి." తర్వాత దరఖాస్తు వైపు చూపించింది. "సగం సంతకం చెల్లదు."

సినిమాల్లో అయితే అతను దాన్ని ముక్కలు చేసి గాల్లోకి ఎగరేసేవాడు. ఇతను మడత పెట్టి మామయ్య చేతికిచ్చాడు. రాసిన సగం పేరు మాత్రం కొట్టేశాడు.

మర్నాడు డిసెంబరు ఒకటి. లైబ్రరీకి సెలవు. అక్క కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. డిసెంబరు గడిలో టీ మరక మీది సంతకాన్ని తనే అతని చేత కొట్టేయించింది. లిఫ్టు బాగానే పనిచేస్తోంది, అయినా ఆమె మెట్ల వైపు నడిచింది. ఆ మూడు వారాల్లో అతను మెట్ల ముఖం చూడలేదు.

అంతస్తుకు పద్దెనిమిది. ఆమె పైకి లెక్కపెడుతూ ఎక్కింది. మూడో అంతస్తు దాటాక, యాభై ఏడు అని, కాలు సాచి ఒక మెట్టు దాటి, యాభై తొమ్మిది మీద ఆగింది. వెనక్కి తిరిగి, గొడుగు మొనతో ఆ దాటిన మెట్టును చూపించింది.

అతను అక్కడే కూలబడ్డాడు. ఆమె భుజం తట్టలేదు, పక్కన కూర్చోలేదు. గడియారం చూసుకుంది.

"ఐదు నిమిషాలు ఏడువు," అంది. "తర్వాత మెషిన్ రూమ్."

ఐదు నిమిషాలూ కదలకుండా నిలబడింది. ఆపైన మెషిన్ రూమ్ తాళం తుప్పుపట్టి రానని మొండికేస్తే, అతను నూనె పోసి తిప్పుతున్నంతసేపూ నిలబడింది. చేతిలో కార్డుంది. పెన్ను మాత్రం గుప్పిట్లో బిగించి పట్టుకుంది, ఇంకా ఇవ్వలేదు.