ఎత్తిన చేతులు

సుందరరాజు సారు రోజూ నంద్యాలలో పొద్దున ఏడు గంటల బస్సెక్కి ఆళ్లగడ్డ బడికి వస్తాడు. సోషల్ చెప్పబట్టి ముప్పై ఏళ్లు. ఒకప్పుడు పుస్తకం తెరవకుండా జనవరి ఇరవై ఆరు కథంతా చెప్పేవాడు. గంట కొట్టినా పిల్లలు కదిలేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ పండుగ చరిత్రను వారంపాటు రోజూ చెప్పి తీరాలని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. చెప్పినట్టు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. అందుకని బోర్డు మీద తేదీ రాస్తాడు, చొక్కా మీది సుద్దపొడి దులుపుకుంటాడు, "అందరూ చేతులెత్తండప్పా" అంటాడు. ప్రశ్న అడగకముందే నలభై చేతులు లేస్తాయి. ఫోటో తీసి, సిగ్నల్ కోసం కిటికీ ఊచల్లోంచి ఫోను బయటికి చాచి నిలబడతాడు. గంట కొట్టేదాకా అదే పాఠం.

చివరి రోజు ఏడో తరగతిలో ఫోటో అయ్యాక కూడా హమీదా చెయ్యి దించలేదు.

"ఫోటో అయిపాయ, దించు పాపా," అన్నాడు సారు.

"ఇది ఫోటోకు కాదు సార్. ఆ పొద్దు అసలేం జరిగింది?"

సారు ముఖం వెలిగింది. చెప్పబోయాడు. అంతలో ఫోటో సగం ఎక్కి ఆగిపోయింది. "ఉండు పాపా, ఇది పోనీ," అని కిటికీ వైపు తిరిగాడు. అది పోయి, ఆయన వెనక్కి తిరిగేసరికి గంట కొట్టారు. హమీదా సంచి సర్దుకుంటోంది.

సాయంత్రం నంద్యాల బస్సులో ఆ ఫోటో తెరిచి, పెద్దది చేసి, హమీదా చెయ్యి ఏదో వెతికాడు. ముందు వరుస వెనక ఆ పిల్ల ముఖం కనబడలేదు. నలభై చేతులూ ఒక్కలాగే ఉన్నాయి.