కొన్న కంకులు

మా నేల కాలువకి చిట్టచివర ఉంది. పై ఊళ్ళ చేలన్నీ తాగగా మిగిలిన నీళ్ళే రెండో పంట దాళ్వాలో మాకు దక్కేవి. వానాకాలపు సార్వాలో మాత్రం ఆ ఊళ్ళ మురుగంతా మా మీదికే వచ్చేది. పూడుకుపోయిన డ్రెయిన్ దాన్ని లాగేది కాదు. కోతల వేళకి చేలో నీళ్ళు నిలిస్తే మిషను దిగబడిపోతుంది, గంటల లెక్కన దాని అద్దె పెరుగుతుంది, ధాన్యం తడిగా ఉందని మిల్లువాళ్ళు తరుగు తీస్తారు. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఈ లెక్క ఎటునుంచి చేసినా మిగిలేది గడ్డే, అదీ తడిసిన గడ్డి.

అందుకే చేపల చెరువుకి లీజుకి ఇచ్చేశాను. మూడు వైపులా అప్పటికే చెరువులు తవ్వేశారు, వాటి ఊట మా చేలోకి దిగుతూనే ఉంది. ఇంక నేనొక్కణ్ణీ వరి పట్టుకుని వేలాడటం తెలివైన పని కాదని అమ్మకి నచ్చజెప్పాను. ఒకప్పుడు ఆ చేలోనే అమ్మ కూలికి నాట్లు వేసింది. తర్వాత ఆ నేలనే అమ్మా నాన్నా కొనుక్కున్నారు. నేను చెప్పిందంతా విని అమ్మ "ఆయ్" అంది. ఇష్టం లేకపోయినా మావాళ్ళు అలాగే అంటారని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఆరోజు తెలియనట్టే ఉన్నాను.

చిక్కంతా కోత పండుగ దగ్గర వచ్చింది. ఏటా పంట చేతికొచ్చాక మా చర్చిలో (అమ్మ గుడి అంటుంది) ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. కొబ్బరికాయలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు కూడా. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు, వచ్చింది చర్చికి చెందుతుంది. కోత మిషన్లు వచ్చాక కూడా అమ్మ మిషను కంటే ముందే కొడవలి పట్టుకుని చేలోకి దిగి, ఓ మూల కోసి, కంకుల కట్ట కట్టేది. దాన్ని ఆవిడే మోసుకెళ్ళాలి. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

పోయినేడు పండుగ దగ్గరపడ్డాక, లీజుదారుణ్ణి అడిగి పెద్ద బొచ్చె చేప ఒకటి తెస్తానన్నాను. ఆ చేప మనదా అని అడిగింది అమ్మ. నాకు ఒళ్ళు మండింది. బండేసుకుని మురమళ్ళ వైపు వెళ్ళి, నాతోపాటు పనిచేసే మాస్టారి చేలో ఓ కట్ట కోయించుకున్నాను. దీనికి డబ్బులేంటని ఆయన నవ్వాడు. ఊరికే తీసుకోవడం నామోషీ అనిపించి ఆయన జేబులో నోటు కుక్కి వచ్చాను. అమ్మ కట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడ కొన్నానో చెప్పి, దేవుడికి అందరి చేలూ ఒకటే కదా అని కూడా కలిపాను. అవసరమొస్తే ఇలాంటి వాక్యాలు నాకు భలే దొరుకుతాయి. అమ్మ కట్ట తీసుకుంది.

చర్చిలో వేలం నడిపే సంఘ పెద్ద ఆ కట్టను పైకెత్తి, ఏటా అన్నట్టే, కాలువ చివర చేలో కంకులని అమ్మ పేరు చెప్పారు. ఆ చేను చెరువైందని ఆయనకి తెలుసు. రోజూ ఆ గట్టు మీదనుంచే తన కొబ్బరితోటకి వెళ్తారు. కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నావైపు చూడలేదు. మా గోదావరి మర్యాద అలాంటిది. నవ్వినా బావుండేది.

అమ్మ లేచి నిలబడింది.

"అయ్యి మా చేలోయి కావండి. మాకిప్పుడు చేను లేదండి, చేపల చెరువుందండి. మా అబ్బాయి కొనుక్కొచ్చేడండి."

పెద్దాయన కట్ట పట్టుకుని అలాగే ఉండిపోయారు. వేలంపాట ఎవరూ మొదలుపెట్టలేదు. భరించలేక నేనే చెయ్యెత్తి పెద్ద మొత్తమేదో అనబోయాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ఒకసారి కొన్నావు కదరా" అంది.

మెల్లగానే అంది, అయినా ముందు వరసలవాళ్ళకి వినపడింది. పెద్దాయన కట్టను పక్కన పెట్టి గుమ్మడికాయ ఎత్తారు.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మ మీద విరుచుకుపడ్డాను. నలుగురిలో పరువు తీశావన్నాను, నీకోసమే కదా తెచ్చానన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానని చెప్పడం కంటే కోప్పడటం తేలిక. చెరువు గట్టు దగ్గరికి వచ్చాక అమ్మ ఆగింది.

"కూలికెళ్ళిన రోజుల్లో పొద్దస్తమానం ఊరోళ్ళ వరే కోసేదాన్ని. అందులోంచి ఒక్క కంకి గుడికి పట్టికెళ్ళలేదురా. మన పాదుకి కాసిన ఆనపకాయే పట్టికెళ్ళేదాన్ని."

అప్పటికి మాకు సెంటు చేను లేదు. ఇప్పుడు నేల మాదే, అందులో పెరిగేది మాత్రం మాది కాదు.