అనుము పందిరి మీద అక్షింతల పురుగులు

మోకాళ్ల నొప్పితో కుట్టుమిషన్ తొక్కడం మానేశాక మా పక్కింటి అక్క పెరట్లో అనుము తీగ పెట్టింది. నేను ఆమెను ఆపా అంటాను. వనపర్తిలో మా రెండిళ్లకూ పెరటి గోడ ఒకటే. పందిరంతా అల్లుకుని పూత మొదలైన రోజుల్లో లేత కొమ్మలకు పేనుబంక పట్టింది. నల్లటి నలుసుల్లాంటి ఆ పురుగులు రసం పీల్చేస్తుంటే చిగుళ్లు ముడుచుకుపోయాయి.

ఒక సాయంత్రం నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆపా గోడ మీదుగా ఒక ఆకు చూపించింది. దాని మీద నల్లటి పురుగు, ఒంటి నిండా ముళ్లు, పక్కన నారింజ మచ్చలు.

"జర చూడు చెల్లె, మొసలి పిల్ల లెక్కనే ఉంది. అన్నీ ఏరి పారేస్త" అంది.

అదేమిటో నాకూ తెలియదు. మేం చూస్తుండగానే అది పాకుతూ పోయి ఒక పేనును నోట కరిచింది. కాసేపటికి తొక్క మాత్రమే మిగిలింది. ఇది తీగను కాదు, తీగను పీల్చేవాటిని తింటోందన్నాను. ఆపాకు నమ్మకం కుదరలేదు. దాన్ని గాజు సీసాలో వేసి, మూతికి పలుచటి గుడ్డ కట్టి, రోజూ పేను పట్టిన రెమ్మ తుంచి వేసింది.

పగలంతా నేను బడిలో ఉండేదాన్ని కాబట్టి చూసిందంతా ఆపానే. సాయంత్రం గోడ దగ్గర కథలా చెప్పేది. అది కుబుసం విడుస్తూ లావైందట. తర్వాత తిండి మానేసి, తోక కొసను ఆకుకు అంటించుకుని ముడుచుకుపోయిందట. చచ్చిపోయిందేమోనని ఆపా దిగులుపడింది. తాకితే మాత్రం ఉలిక్కిపడి ఒక్కసారి పైకి లేచేది.

సెలవురోజు పొద్దున ఆపా పిలిచింది. పొట్టు పగిలి లేత పసుపు పురుగొకటి బయటికొచ్చి తడిగా నిలబడింది. మచ్చ ఒక్కటీ లేదు. చాయ్ తాగుతూ అక్కడే కూర్చున్నాం. ఒళ్లు ఆరుతున్నకొద్దీ వీపు మీద నల్లటి వంకర గీతలు, మచ్చలు లోపలి నుంచి తేలినట్టు వచ్చాయి. పసుపు నారింజలోకి తిరిగింది.

"అల్లా ఎంత ఓపికతోని రాసిండో" అంది ఆపా మెల్లగా.

అప్పుడు గుర్తుపట్టాను. కొల్లాపూర్లో మా అమ్మ దీన్ని అక్షింతల పురుగు అనేది. ఆపా కోడలిది గద్వాల దాటి రాయచూరు వైపు ఊరు. వాళ్లు గులగంజి హుళ అంటారని చెప్పింది, అంటే గురిగింజ పురుగు. ఆపాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పేరేదీ లేదు. అందుకని తనే మెహమాన్ అని పెట్టుకుంది, ఇంటికొచ్చిన చుట్టమని.

ఆ ముచ్చటలో పెరట్లోని వంగ మొక్కల మీది మచ్చల పురుగులనూ అవేననుకుని వదిలేసింది. కొన్నాళ్లకే ఆకులు జల్లెడలయ్యాయి. దగ్గరగా చూస్తే ఇవి వేరు. మెరుపు లేదు, ఒంటి మీద సన్నని నూగు, చుక్కలు చాలా ఎక్కువ. ఊళ్లో వీటినీ అక్షింతల పురుగులనే అంటారు. ఏరుతుంటే ఆపా వేళ్లకు పసుపు చెమ్మ అంటి ఘాటుగా వాసనొచ్చింది. "ఇవి మన మెహమాన్లు కావు" అని నవ్వుతూ చేతులు కడుక్కుంది.

ఆ చలికాలం పందిరి విరగకాసింది. కాయలు తెంపేటప్పుడు ఆకు అడుగున నిలబెట్టినట్టుండే మెహమాన్ల పసుపు గుడ్ల గుంపు కనబడితే ఆపా ఆ రెమ్మ జోలికే పోయేది కాదు. కాయలు ముదిరిపోతున్నాయన్నాను.

"ముదరనీ. గింజలు ఒలిచి వండుకుందాం" అంది.