చందర్లపాడు మామిడితోటకి పురుగుకాయల సంచితో

మా తోటలో నిమ్మకాయంత మామిడికాయలు కొసన చిల్లుపడి టపటపా రాలిపోతుంటే నాకు కంటిమీద కునుకు లేదు. రెక్కల పురుగు గుడ్లు పెడితే పుట్టే కాయతొలుచు పురుగు అది. మందు కొట్టించినా ఆగలేదు. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు తప్ప వేరే లోకం లేని మావారు, ఈ కాపు కూడా నిలవకపోతే చెట్లు కొట్టించేస్తానని తేల్చేశారు. అవి నేను దగ్గరుండి నాటించుకున్న చెట్లు. చందర్లపాడు దగ్గర బాబాయి వరసయ్యే శేషయ్యగారి తోటలో ఈ బెడద తగ్గిందని విని, మర్నాడే బయలుదేరాను.

ఆరున్నర బస్సు ముప్పావుగంటలో నందిగామలో దింపింది. నాకైతే అది నత్తనడకే. ఇడ్లీ సగంలో వదిలేసి, మనిషికి ముప్పై రూపాయల చందర్లపాడు షేర్ ఆటో ఎక్కితే, నిండితేగానీ కదలదట.

“కంగారెందుకమ్మా, తోటలెక్కడికీ పోవుగా,” అన్నాడు డ్రైవరు.

“తోట పోదు బాబూ, కాయలే పోతన్నాయి!” అన్నాను విసురుగా.

చూపిద్దామని నాలుగు పురుగుకాయలు సంచిలో వేసుకెళ్లాను. శేషయ్యగారు నన్ను గట్టు మీదే ఆపేశారు.

“పురుగుకాయలా? లోపలికి తేమాకమ్మాయ్! నా తోటకీ అంటిద్దామనా?”

అప్పటికే ఎర్రపట్టీల పురుగొకటి సంచి అంచున పాకుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన దాన్ని నలిపేసి, సంచి మూతి బిగించి పక్కన పెట్టాకే తోట చూపించారు. చెట్ల కింద రాలిన కాయ ఒక్కటీ లేదు.

“మీరు రాలినయ్యి ఏం చేత్తన్నారు?” అని అడిగారాయన.

“ఎరువవుద్దని చెట్టు మొదట్లోనే కుప్ప పోయిస్తున్నా బాబాయ్.”

“దొంగ చేతికి తాళాలిచ్చావు పో! పురుగు కాయలోంచి దిగి ఆ చెట్టు బెరడులోనే దాక్కుంటది. రెక్కలొచ్చాక మళ్లా గుడ్లు పెడతది. రాలినయ్యి ఏరోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి. అది చెయ్యకుండా ఎన్ని మందులు కొట్టినా దండగే.”

“చెట్లకి ఎర బుట్టలు కూడా కట్టించాం కదా?”

“అయ్యి పండు ఈగక్కట్టేయి. దీనికి పనికిరావు.”

భోజనం చేసి వెళ్లమన్నా నిలవలేకపోయాను. తిరిగొచ్చి, ఇంటికి కూడా పోకుండా తోటకే వెళ్లి కుప్ప కదిపాను. చాలా కాయల్లో చిల్లే ఉంది, పురుగు లేదు, అప్పటికే దిగి బెరడుల్లోకి పోయింది. ఏడుపొచ్చింది. మావారికి ఫోన్ చేసి, “ఈ కాపు దక్కదండీ. తప్పు చెట్లది కాదు, నాది. వాటిని కొట్టించకండి,” అన్నాను.

“కొట్టు కట్టేసి పార తీసుకొస్తన్నా. గొయ్యి ఎక్కడ తవ్వాలో చూసిపెట్టు,” అన్నారు.

వచ్చే కాపుదాకా నాకు కుదురుండదు. ఆ పురుగు ఏ బెరడులో ఉందోనని చెట్టుచెట్టునీ తడుముతూనే ఉంటాను. ఇలా తోటలు చూడబోయేవాళ్లు ఎండెక్కకముందే వెళ్లండి, రాలిన కాయలు ఏరే పని అప్పుడే కనిపిస్తుంది. అంతకన్నా ముందు, బస్సెక్కబోయే రోజు మీ చెట్ల కింద ఒకసారి వంగి చూసుకోండి.