బావ గిన్నెలకు గాజు పీటలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంటి ముందు పిల్లి అడ్డమొస్తే నేను బజారుకు చేరేసరికి అది చిరుతపులి అవుతుంది, టీ హోటల్ దగ్గర కూర్చునేసరికి దానికి రెండు పిల్లలు కూడా పుడతాయి. నేను చెప్పే ప్రతి అంకెనూ మా ఆవిడ నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి, నాకేం బాధ లేదు. అయితే ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, నిర్మల్‌లో మా బావ గిన్నెలకు నేను గాజు పీటలు పోసిన సంగతి మాత్రం చాలావరకు జరిగినదే. ఎక్కడ కల్పించానో చివర్లో నేనే చెప్తాను. పారిపోను.

అప్పటికి ఇంటర్మీడియట్ నన్ను రెండుసార్లు వద్దనుకుంది. మూడోసారి దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనికి కుదిరాను. దేవుళ్ళు, పెళ్ళిజంటలు, కాలం చేసిన పెద్దమనుషులు, అందరికీ అద్దం కోసేది నేనే. గాజు కోసే కలంతో ఒక్క గీత గీసి, అంచు మీద పెట్టి టక్కున విరిస్తే గీత వెంబడే చీలేది (పదిసార్లలో ఏడుసార్లు. మిగతా మూడుసార్లు పెద్దమనుషులకు అద్దం కాస్త పొట్టిగా వచ్చేది, వాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు). కోయగా మిగిలిన వేలెడు వెడల్పు గాజు పట్టీలు దుకాణం వెనక గుట్టగా పడి ఉండేవి. సహ్యాద్రి కొండల్లో కలిసిపోయేంత గుట్ట.

మా అక్క భర్త, అంటే మా బావ, పొణికి కర్రతో గిన్నెలు చేసేవాడు. తేలికైన కర్ర, మిషను మీద తిప్పి గుండ్రంగా చెక్కి, నునుపు చేసి రంగులు వేసేవాడు. అంతవరకు అందరూ చేసేదే. మా బావ ప్రత్యేకత ఏమిటంటే, గిన్నె లోపల ఒక్క రంగు పూసి వదిలేసి బొమ్మంతా అడుగున గీసేవాడు. జింకలు, మోదుగుపూలు, నెమలీకల టోపీ పెట్టుకుని గుస్సాడి నాట్యం ఆడే గోండు మనుషులు, అన్నీ అడుగునే. ఇదేం పని అని అక్క రోజూ అడిగేది. "లోపల గీస్తే పండ్లు పోసి మూసేస్తరు. అడుగున గీస్తే ఎవ్వడు మూస్తడు చెప్పు?" అని బావ జవాబు. "ఎవ్వడు మూయడు. ఎవ్వడు సూడడు గూడ" అని అక్క. ఇద్దరి మాటా సరైనదే కావడం వల్ల ఆ తగువు ఏళ్ళ తరబడి తెగలేదు, గిన్నెలూ అమ్ముడుపోలేదు.

మా బాపుకు, అంటే మా నాన్నకు, ఎరువుల దుకాణం ఉండేది. అల్లుడు కర్రపొట్టులో కూర్చోవడం ఆయనకు నచ్చేది కాదు. ఆ ఏడు కరీంనగర్‌లో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారనీ, హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి నచ్చినవాళ్ళ సరుకును పట్నంలో పెద్ద దుకాణానికి ఎంపిక చేస్తుందనీ తెలిసింది. బాపు వచ్చి మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేశాడు. "అల్లుడా, ఆఖరుసారి చెప్తున్న. కరీంనగర్ల నీ గిన్నెలు తీసుకుంటే సరే. తీసుకోకుంటె ఆ మిషను అమ్మేసి వచ్చి నా దుకాణంల కూసో. యూరియా బస్తాకు అడుగున బొమ్మ గీసుకో, నేనేం వద్దన." బావ తలూపాడు. ఆ సాయంత్రం మిషను దగ్గర కూర్చుని ఏ కర్రా తిప్పకుండా, ఉత్త చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఉన్నాడు. నాకు గుండె తరుక్కుపోయింది (ఇది పెంచలేదు).

అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. అడుగు కనిపించాలంటే గిన్నె కింద గాజు ఉండాలి! గాజు పట్టీలు రెండు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా ఇంకో రెండు పెడితే నులక లేని బుల్లి మంచంలా ఉంటుంది. దాన్ని బోర్లించిన మట్టి మూకుడు మీద ఉంచి బాగా కాలిస్తే పట్టీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మూకుడు దాటి బయటికొచ్చిన కొసలు మెత్తబడి కిందికి వంగి కాళ్ళవుతాయి. నడిమి సందులో గిన్నె కూర్చుంటుంది. పీట కింద ఒక అద్దం ముక్క పడేస్తే అడుగున ఉన్న జింక పైనున్నవాళ్ళ వైపు చూస్తుంది. ఇదంతా చెప్పేసరికి బావ నన్ను కావలించుకుని "బామ్మర్దీ, నిన్ను ఇంటర్‌ల ఫేల్ చేసినోడు ఎవడురా" అన్నాడు. నా చదువు గురించి ఒకరు మంచిగా మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

కాల్చడానికి కుమ్మరి తాత వాము దొరికింది. వాము అంటే ఆయన కుండలు కాల్చే గుండ్రటి మట్టి పొయ్యి. బూడిద పడకుండా గాజునంతా పెద్ద బానలో పెట్టి మూతేసి వాములో దింపాం. ఆ రోజు మంట సంగతి ఏం చెప్పమంటారు! ఎదురింటి పెరట్లో టమాటాలు చెట్టు మీదే పచ్చడైపోయాయి, పొగ చూసి అడవి అంటుకుందనుకుని ఉట్నూర్ నుంచి ఫారెస్టు వాళ్ళ జీపులు బయల్దేరాయి. తీరా తీసి చూస్తే గాజు మూకుళ్ళకు అంటుకుపోయి ఉంది. తాత పగలబడి నవ్వాడు. "పెంక మీద రొట్టె అంటినట్టు అంటిందిరా పిలగా! మూకుడుకు సున్నం పుయ్యకుంటె ఊడుతదా?" ఆ మాట ముందే చెప్పొచ్చు కదా తాతా అంటే, "నువ్వు అడిగినవా? వచ్చుడు వచ్చుడే ఇంజనీర్ లెక్క మాట్లాడితివి" అన్నాడు.

రెండోసారి మూకుళ్ళకు సున్నం పూశాం. మంట ఆరాక తాత వాము నోరు మట్టితో మూసి, వేలు చూపించి మరీ చెప్పాడు. "రెండు దినాలు దీని దిక్కు సూడొద్దు. కుండ ఓర్సుకుంటది, గాజు ఓర్సుకోదు. నా వాముల ఒకపారి సోడాసీసా పడ్డది. తొందరపడి గుంజితే బయటికి మంచిగనే వచ్చింది. తెల్లారి గూట్ల పెట్టినకాడ పెట్టినట్టే ఉండి రెండు తునకలైంది. లోపల్లోపల కోపం పెట్టుకుంటది గాజు. సల్లగ, నిమ్మళంగ సల్లారనియ్యాలె." బాగానే ఉంది కానీ మాకు మర్నాడొక్కటే మిగిలింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే కరీంనగర్ బస్సు. రెండు దినాలు ఎక్కడినుంచి తేవాలి?

మర్నాడు మధ్యాహ్నం తాత సంతకు వెళ్ళగానే బావ వాము నోరు తెరిచాడు. మూత తీస్తే బానలోంచి వేడి ముఖానికి కొట్టింది. బావ ఇంట్లోంచి చాట తెచ్చి, పులిహోర కోసం అన్నం ఆరబెట్టినట్టు, టపటపా విసరడం మొదలుపెట్టాడు. ఆ గాలికి నిర్మల్‌లో సగం ఇళ్ళ ముందు ఆరేసిన బట్టలు ఎగిరి ఖానాపూర్‌లో పడ్డాయి. సాయంత్రానికి పది పీటలు బయటికొచ్చాయి. ఒక్కొక్కదానికి ఎనిమిది వంకర కాళ్ళు, కొంచెం పచ్చగా, అంచులు కరిగి నున్నగా, ఎంత ముద్దుగా ఉన్నాయో! బాపు ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూసి "ఏందిరా గివి, ఎండ్రికాయలా?" అన్నాడు. అక్క దాని మీద గిన్నె పెట్టి, కింద అద్దం జరిపి చూసింది. జింక కనిపించింది. అద్దాన్ని ఇంకాస్త జరిపి మళ్ళీ చూసింది. "మంచిగున్నది" అంది చివరికి, బావ వైపు చూడకుండా. బావకు ఆ ఒక్క ముక్కతోనే ప్రదర్శన అయిపోయింది.

బాపు, అక్క, బావ, నేను అందరం బస్సెక్కాం. పీటలన్నీ వరిగడ్డిలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. పసిపిల్లలున్న తల్లి కూడా నా అంత జాగ్రత్తగా కూర్చోలేదు. లక్సెట్టిపేటలో బస్సు ఆగి, అందరూ చాయ్‌కి దిగి, ఇంజను చప్పుడు ఆగిపోయిన తర్వాత నా ఒళ్ళోంచి 'టింగ్' అని చిన్నగా వినపడింది. ఎవరిదో గ్లాసు అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ప్రదర్శనలో మాకొక బల్ల ఇచ్చారు. గడ్డి విప్పితే ఒక పీట రెండు ముక్కలై ఉంది. ఫికర్ లేదు, తొమ్మిదున్నాయి. వాటి మీద తొమ్మిది గిన్నెలు పెట్టాం, పదోది పక్కన ఉంచాం, కింద అద్దాలు పెట్టాం. పైన పెద్ద బల్బు వెలుగుతుంటే మా బల్ల నిజాం నవాబు భోజనాల గదిలా మెరిసిపోయింది. బాపు తెల్ల ధోవతి కట్టుకుని వచ్చి, మాకు సంబంధం లేనట్టు పక్కన నిలబడ్డాడు. మేడం నాలుగో బల్ల దగ్గర ఉంది. మాది ఎనిమిదోది. అప్పుడు 'టింగ్'. ఒక పీట కాళ్ళు చాపి పడుకుంది, గిన్నె దొర్లి బాపు చెప్పుల దగ్గర ఆగింది. మేడం ఐదో బల్లకు వచ్చింది. 'టింగ్, టింగ్'. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఊదలేదు, వాటంతట అవే! ఆరో బల్లకు వచ్చేసరికి దీపావళి టపాకాయల్లాగా ఒకదాని వెనక ఒకటి పేలిపోయి, గిన్నెలన్నీ బల్ల మీద పొర్లుతున్నాయి. బావ ముఖం సున్నం పూసిన మూకుడులా అయిపోయింది.

"రెండు దినాలు ఆగుమన్నడట గద తాత. ఎవడు తెరిసిండు?" అన్నాడు బాపు.

"నేనే మామా. ఆగలేకపోయిన" అన్నాడు బావ.

"నువ్వేనా! అయిపాయె ఇగ. సదురుకో, పోదాం."

బావ వంగి గిన్నెలు సంచిలో వేయబోయాడు. అప్పుడు మా అక్క సంచి లాక్కుంది. "జర ఆగుండ్రి" అని, గాజు ముక్కలను పేపరుతో ఒక పక్కకు ఊడ్చి, పది గిన్నెలనూ టకటకా బల్ల మీద బోర్లించేసింది. ప్రతి ఇంట్లో తోమిన గిన్నెలను అరుగు మీద బోర్లించినట్టే, వరుసగా, అంచు అంచుకు ఆనించి. ఏళ్ళుగా రోజుకు రెండుపూటలా తను చేసే పనే అది. మా ఇద్దరు మేధావులకు గాజు కరిగించి, ఊరంతా పొగబెట్టినా తట్టలేదు.

మేడం వచ్చి నిలబడింది. "ఇదేంటమ్మా, కడిగి ఆరబెట్టారా?" అని నవ్వింది.

"అడుగు సూడుండ్రి మేడం. లోపల ఏమున్నది, ఉత్త గిన్నెనే" అంది అక్క.

మేడం వంగింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. జింక దగ్గర ఆగింది, గుస్సాడి మనిషి టోపీలో నెమలీకలు వేలితో ఒకటొకటే లెక్కపెట్టినట్టు తడిమింది. "ఇంత బొమ్మ వేసి ఎవరికీ కనపడకుండా అడుగున దాచారేంటండీ?" అని బావను అడిగింది. బావ ఆ గిన్నెనే తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఇంతసేపూ మాకేమీ కానట్టు నిలబడ్డ బాపు ఒక్క అడుగు ముందుకేసి, "మా అల్లుడు గట్లనే మేడం. మంచియన్ని కిందికే పెడ్తడు. నేను మొదటిసంది చెప్తనే ఉన్న" అన్నాడు. అక్క అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం పదింటినీ తీసుకుంది. పట్నం దుకాణంలో కూడా ఇలాగే బోర్లించి పెట్టిస్తానంది. తిరుగు బస్సులో బాపు కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మిషను అమ్మకు. గని ఆదివారం పూట జర దుకాణంల కూసుంటవా, నాకు నడుము నొస్తుంది" అన్నాడు. అంతకు మించి ఆయన ఓడిపోవడం మేమెన్నడూ చూడలేదు.

ఇక కల్పించింది ఏదో చెప్తానన్నాను. టమాటాలు, జీపులు, ఖానాపూర్‌కు ఎగిరిన బట్టలు మీరు ఎలాగూ నమ్మి ఉండరు, వాటిని లెక్కలోకి తీసుకోను. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. వాము నోరు తెరిచింది బావ కాదు. ఆ మధ్యాహ్నం బావ వరిగడ్డి కోసం వెళ్ళాడు. చాట నా చేతిలో ఉంది. పొద్దునకు అన్నీ సిద్ధం చేసేసి బావను ఆశ్చర్యపరచాలని, చెమటలు కారుతుంటే చేతులు మార్చుకుంటూ మరీ విసిరాను. బావ గడ్డిమోపుతో వచ్చి చూసి, చాట నా చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించాడు. కరీంనగర్‌లో బాపు అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే "నేనే మామా" అన్నాడు. నేను నోరు తెరిచి ఉండేవాణ్ణని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా పెంచి చెప్పిందే అయ్యుండొచ్చు. చాట పట్టుకున్న ఆ ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు తిట్టబుద్ధి కాదు. అంత ఒళ్ళు వంచి వాడు మళ్ళీ ఏ పనీ చేయలేదు.

ఇదంతా రాసి మొన్న బావకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని, చిరుతపులి దగ్గర నవ్వి, ఎండ్రికాయల దగ్గర నవ్వి, ఆఖరుకొచ్చేసరికి గబుక్కున లేచి కూర్చున్నాడు. "బామ్మర్దీ, ఆ చాట ముచ్చట కొట్టేయ్. నాకు ఓపిక లేదని మీ అక్క అప్పటిసంది తిడుతనే ఉన్నది. ఇప్పుడు తిట్టుడు బందైతే ఇల్లు బోసిపోతది" అన్నాడు.

కొట్టేస్తానని మాటిచ్చి వచ్చాను. (చూశారుగా, ఈ వయసులో కూడా.)