పంచె మీద ఆయిల్ మరక

లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత కారు నాది. ఈ ఉదయం హిందూపురంలో బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగాను. ఆ వాసనకు నాయన జీపు గుర్తొచ్చింది.

పెనుకొండ, ధర్మవరం మధ్య జనాన్ని మోసి మోసి అరిగిపోయినా, దారిలో ఎన్నడూ ఆగని జీపు అది. రోజూ తెల్లారగానే నాయన ఆ కడ్డీని అమ్మ పాత చీర పీలికతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. జీపుకు జ్వరం చూస్తున్నాడనుకునేదాన్ని.

అమ్మ పోయింది. దినాలు అయిన మరునాడే నాయన బానెట్ ఎత్తాడు. అవ్వ అమ్మ చీరలో ఒక పీలిక చింపి ఇచ్చింది. నాయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, కడ్డీని తెల్ల పంచెకు తుడిచాడు.

"గుడ్డ ఇస్తే పంచెకు తుడుస్తాండావేమిరా?" అంది అవ్వ.

"ఆయిల్ తగ్గిండాది," అన్నాడు నాయన.

ఈయనకు జీపే ముఖ్యం అనుకున్నాను. ఆయనకు ఏడుపు కూడా రాలేదు.

అప్పటినుంచి నాయన పంచెలన్నిటికీ నల్లటి చారలే.

ఈరోజు గుడ్డకోసం వెతికితే, నాయన పోయేముందు చివరిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు వెనక సీట్లో వదిలిన తువ్వాలు దొరికింది. దాన్ని మడిచి అక్కడే పెట్టాను. కడ్డీని నా చున్నీకి తుడిచాను.