నిండు చెంబు

“పసిబిడ్డ తల్లివి, ఇంక నీకు పిస్టలెందుకే? స్టేషన్లో రాతపని అడుక్కో.”

“నేను డిపార్ట్‌మెంటులో చేరింది కుర్చీలో కూర్చోడానికి కాదండీ!”

మా పై వాటాలో అద్దెకున్న కానిస్టేబులమ్మకీ ఆమె మొగుడికీ గొడవ. కాన్పు సెలవు ముగిశాక పిస్టల్ గురిలో మళ్లీ పరీక్ష పెడతామన్నారు. అందులో తప్పితే ఇక రాతపనే. పరీక్ష మర్నాడే.

పిస్టల్ పట్టే చెయ్యి కదలకూడదని నెలరోజులుగా నా ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి, కుడిచెయ్యి చాచి పట్టుకుని పెరట్లో నిలబడేది. మొదట్లో చెయ్యి వణికి సగం నీళ్లు ఒలికేవి. నీళ్లు దండగని నేనే కసిరాను.

“ఒలికితే మీ కరివేపాకుకేగా మామ్మగారూ!” అంటూ ఆ చెట్టు మొదట్లోకి జరిగింది. తర్వాత్తర్వాత ఆ చెట్టుకి చుక్క కూడా దక్కలేదు.

అలాంటిదాన్ని పట్టుకుని రాతపని అడుక్కోమంటాడా! నాకు ఒళ్లు మండింది. చెంబు నింపి అతని చేతికిచ్చాను.

“చెయ్యి చాచి పట్టుకో నాయనా, వంద లెక్కపెడతాను.”

ముప్పై దాటకుండానే ప్యాంటు తడుపుకున్నాడు.

“పరీక్ష నాకా ఏంటండీ?” అని గొణిగాడు.

“పరీక్ష ఉన్నదాన్ని నువ్వెందుకు ఆపుతున్నావు మరి?”

మర్నాడు పొద్దున్నే ఆమె తిరువూరు బస్టాండులో మొదటి బస్సెక్కి విజయవాడ వెళ్లింది. బిడ్డకు పాలు అతనే పట్టాడు.